పాత ద్వారబంధం చెప్పే టైము

ఊళ్లో పాత పెంకుటిల్లు కూలగొడితే టేకు దూలాలకూ తలుపులకూ వెంటనే బేరం కుదురుతుంది. విరిగిన ద్వారబంధం ముక్కలు, సగం చెదలు తిన్న వాసాలు, బీరువా వెనక కొట్టిన ప్లైవుడ్ మాత్రం పొయ్యిలోకి పోతాయి. ఆ కుప్పలో ఒక గోడగడియారానికి సరిపడా సరుకు ఉంటుంది. దానికి తోడు పాడైపోయిన ప్రింటర్లోంచి తీసిన ఉక్కు కడ్డీ, సైకిలు చక్రం పుల్లలు, గడ్డం గీసుకునే బ్లేడు, గాలానికి కట్టే నైలాను దారం, ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక కిరాణా కొట్టువాళ్లు మూల పడేసిన ఇనుప తూకంరాళ్లు దొరికితే చాలు. బ్యాటరీ అక్కర్లేదు. ఇలా చేసిన గడియారం రోజుకు పది ఇరవై సెకన్ల తేడాతో నడుస్తుందని చెబితే చాలామంది నమ్మరు. చేతిరంపంతో కోసిన పళ్లు ఎంత జాగ్రత్తపడినా కాస్త వంకరగానే వస్తాయి కదా, వంకర పళ్లతో సరైన టైము ఎలా వస్తుందని అడుగుతారు.

వస్తుంది. గడియారంలో కాలం తెలిసిన భాగం ఒక్కటే, అది లోలకం. మిగతా చక్రాలూ ఇరుసులూ అన్నీ ఆ లోలకం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడానికీ, అది ఆగిపోకుండా కాస్త తోయడానికీ ఉన్నవే. 64 పళ్ల చక్రంలో ఒక పన్ను లావుగా ఉంటే ఆ పన్ను దాటేంతవరకు ముల్లు వెంట్రుకవాసి ముందో వెనకో ఉంటుంది. చుట్టు పూర్తయ్యేసరికి లెక్క మళ్లీ 64 పళ్లే. తప్పు పేరుకుపోదు. అందుకే చెక్క గడియారం చేసేవాడు తన ఓపికంతా పళ్ల నునుపు మీద ఖర్చు పెట్టడం నాకు సరైన పద్ధతిగా అనిపించదు. లోలకాన్ని దాని మానాన దాన్ని ఊగనిచ్చే ఏర్పాటు మీద పెట్టాలి.

ఈ సంగతి చరిత్రలో అందరికంటే బాగా పట్టుకున్నవాడు ఒక వడ్రంగి. జాన్ హారిసన్ 1693లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. లింకన్‌షైర్‌లో హంబర్ నదికి దగ్గరగా ఉన్న బారో అనే పల్లెలో పెరిగాడు. తండ్రిది వడ్రంగం. కొడుకు ఏ గడియారాల మేస్త్రీ దగ్గరా పని నేర్చుకోలేదు. 1713లో, ఇరవయ్యేళ్ల వయసులో, చక్రాలతో సహా దాదాపు అంతా చెక్కతోనే ఒక నిలువు గడియారం చేశాడు. అది ఈనాటికీ లండన్‌లో భద్రంగా ఉంది. 1722 ప్రాంతంలో బ్రాక్‌ల్స్‌బీ పార్క్ అనే జమీందారీ ఎస్టేటులో గుర్రపుశాల గోపురానికి పెద్ద గడియారం కట్టాడు. ఓక్ చెక్క చక్రాలున్న ఆ గడియారం మూడు శతాబ్దాల తర్వాత కూడా నడుస్తోంది. దానికి నూనె వేయాల్సిన అవసరమే లేదు.

నూనె సంగతి తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఆ కాలంలో దొరికే జంతుతైలాలూ గింజనూనెలూ కొన్నాళ్లకు చిక్కబడి జిగురయ్యేవి. చలికాలంలో మరీ చిక్కన. ఇత్తడి చక్రాల ఖరీదైన గడియారాలు నడక తప్పడానికి ఆ జిగురు ఒక పెద్ద కారణం. హారిసన్ లిగ్నమ్ వైటే అనే కలప వాడాడు. కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోనూ పెరిగే చెట్టు అది. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. దాని ఒంట్లోనే జిడ్డు ఉంటుంది, ఇరుసు తిరిగేచోట ఆ జిడ్డే సరిపోతుంది. తమ్ముడు జేమ్స్‌తో కలిసి 1720లలో చేసిన మరికొన్ని చెక్క గడియారాలు నెలకు ఒక్క సెకను కూడా తప్పలేదని హారిసన్ రాసుకున్నాడు. ఓడలు నడిసముద్రంలో తమ రేఖాంశం తెలుసుకోవడానికి పనికొచ్చిన గడియారంతో తర్వాత ప్రపంచానికి తెలిసిన హారిసన్ ఇతనే. ఆ కథ ఇప్పటికే చాలామంది చెప్పారు. నాకు మాత్రం గుర్రపుశాల మీది ఓక్ చక్రాలే ఎక్కువ ముచ్చటగా ఉంటాయి.

ఇక లోలకం. చిన్న ఊపుల్లో లోలకం కాలాన్ని నిర్ణయించేవి రెండే: దాని పొడవు, ఆ చోట భూమి లాగే బలం. గుండు బరువెంతన్నది లెక్కలోకి రాదు. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు సరిగ్గా ఒక సెకనులో వెళ్లే లోలకం లండన్‌లో 99.4 సెంటీమీటర్లు ఉండాలి. ఇంగ్లిషు పుస్తకాల్లో ఇదే కొలత కనిపిస్తుంది, మనవాళ్లు కూడా అదే దింపుకుంటారు. కానీ భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ గురుత్వాకర్షణ కాస్త తగ్గుతుంది. హైదరాబాదులో అదే లోలకం 99.1 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. మూడు మిల్లీమీటర్ల తేడాకు ఇంత పట్టింపు ఎందుకంటే, లండన్ కొలతతో కోసిన లోలకం హైదరాబాదులో రోజుకు రెండు నిమిషాలు వెనకపడుతుంది. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ రిషే పారిస్‌లో సరిగ్గా నడిచిన గడియారాన్ని భూమధ్యరేఖ దగ్గరి కయెన్‌కు తీసుకెళ్లినప్పుడు అది రోజుకు రెండున్నర నిమిషాలు ఆలస్యంగా నడిచింది. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందని న్యూటన్ వాదించడానికి ఆ కొలత పనికొచ్చింది. గోడకు తగిలించిన చెక్కపుల్లకు భూమి ఆకారం తెలుసన్నమాట.

పుల్లకు కూడా కాస్త బరువుంటుంది కాబట్టి గుండు మధ్యబిందువు 99.1 కంటే ఇంకొంచెం కిందికి రావాలి. అందుకే కడ్డీని 110 సెంటీమీటర్లకు కోసి, అడుగున ఆరు మిల్లీమీటర్ల మరచువ్వ దిగ్గొట్టి, గుండును నట్టు మీద నిలపడం మేలు. మామూలు ఆరు మిల్లీమీటర్ల మరకు చుట్టు చుట్టుకూ ఒక మిల్లీమీటరు ఎత్తు మారుతుంది. నట్టు ఒక చుట్టు పైకి తిప్పితే రోజుకు 44 సెకన్లు ముందుకు, కిందికి తిప్పితే అన్ని సెకన్లు వెనక్కు.

కడ్డీకి చెక్కే ఎందుకు, ప్రింటర్ ఉక్కు కడ్డీనే వేలాడదీయొచ్చు కదా అనిపిస్తుంది. ఉక్కు ఎండకు సాగుతుంది. జనవరికీ మేకీ ఇంట్లో ఇరవై డిగ్రీల తేడా ఉంటే ఉక్కు లోలకం మే నెలలో రోజుకు పది సెకన్లు వెనకపడుతుంది. చెక్క దాని పోగు పొడవునా వేడికి సాగేది అందులో మూడో వంతే. ఇత్తడినీ ఉక్కునూ పక్కపక్కన కూర్చి ఒకదాని సాగుడుతో ఇంకోదాని సాగుడును కొట్టేసే జాలీ లోలకాన్ని హారిసన్ కనిపెట్టింది ఈ బాధకే. మనకు అంత పని అక్కర్లేదు. ద్వారబంధంలోంచి పోగు నిలువుగా, ముడి లేకుండా ఉన్న పట్టీ కోసుకుంటే చాలు.

కానీ చెక్కకు వేడి కంటే చెమ్మ పెద్ద శత్రువు. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం అందరికీ తెలిసిందే. గమనించాల్సిందేమంటే తలుపు వెడల్పులో బిగుస్తుంది, ఎత్తులో బిగవదు. చెమ్మ పీల్చిన చెక్క పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు కదలదు. కలపల్లో నెమ్మదైనదని పేరున్న టేకు పలకలో కూడా, దాన్ని కోసిన తీరును బట్టి, వేసవికీ వానాకాలానికీ మధ్య అడ్డంగా నూటికి ఒక వంతు తేడా రావచ్చు. 15 సెంటీమీటర్ల చక్రాన్ని ఒకే పలకలోంచి కోస్తే, ఒక దిశలో మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది, ఇంకో దిశలో పెరగదు. గుండ్రటి చక్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, ఆషాఢంలో పళ్లు పళ్లలో ఇరుక్కుని గడియారం ఆగుతుంది. పైగా పోగుకు అడ్డంగా పడిన పళ్లు వేలితో నొక్కితే విరిగిపోతాయి.

హారిసన్ దీనికి కనిపెట్టిన ఉపాయం చూడండి. చక్రం అంచు చుట్టూ గాడి తీసి, అందులో కొన్నేసి పళ్లున్న చిన్న చిన్న ఓక్ ముక్కలు బిగించాడు. ప్రతి ముక్కలోనూ పోగు చక్రం మధ్య నుంచి బయటికి సాగుతుంది. దాంతో ఏ పన్నుకు ఆ పన్ను నిలువు పోగుతో గట్టిగా నిలుస్తుంది. ఇవాళ మనకు ఆ శ్రమను తగ్గించేది ప్లైవుడ్. ఒక పొర నిలువు, పై పొర అడ్డం వేసి అంటించడం వల్ల ఏ పొర కదలికను ఆ పక్క పొర పట్టి ఆపుతుంది. పాత వంటింటి అల్మారాల్లో బీడబ్ల్యూపీ అని ముద్ర ఉన్న ప్లైవుడ్ దొరికితే వదలొద్దు, అది నీళ్లకు ఊడని జిగురుతో చేసినది. ప్యాకింగ్ పెట్టెల ప్లై మాత్రం పొరల మధ్య ఖాళీలతో ఉంటుంది, పళ్లు కోస్తుంటేనే రాలిపోతాయి. ద్వారబంధం టేకును చట్రానికీ లోలకానికీ ఉంచి, చక్రాలకు ప్లై వాడటమే నా సలహా. పాత టేకులో ఒక సుగుణం ఉంది, ఎన్నో ఏళ్ల ఎండావానలు చూసినది కాబట్టి ఇకమీదట మెలితిరగదు. చేవ భాగం తీసుకుని, అంచున పాలిపోయిన చెక్కను చెక్కేయాలి. కోసిన చివరలనుంచి చెమ్మ త్వరగా లోపలికి పోతుంది, వాటిని కరిగిన మైనంలో ముంచాలి.

దారం చుట్టే డ్రమ్మునూ లావు ఇరుసులనూ కొయ్యసానె మీద గుండ్రంగా తీయాల్సి ఉంటుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ, ఆ ఒరిపిడి వేడికి లక్కను కరిగించి బొమ్మకు పట్టించే పనితనం తరతరాలుగా ఉంది. లక్క అందానికే కాదు, చెమ్మను కూడా ఆపుతుంది. గడియారం డ్రమ్ముకు అంతకంటే మంచి పూత నాకు తెలియదు.

చక్రాల లెక్కకు వద్దాం. లోలకం వెయ్యి ఊపులు ఊగినా లెక్కపెట్టేది దాని పైనుండే ఒక ప్రత్యేక చక్రం, ఎస్కేప్ చక్రం. దానికి 30 పళ్లు. లోలకం అటూ ఇటూ వెళ్లొచ్చే రెండు సెకన్లలో ఒక పన్ను జారుతుంది, నిమిషానికి ఒక చుట్టు. అంటే దాని ఇరుసుకే సెకన్ల ముల్లు తగిలించుకోవచ్చు. నిమిషాల ముల్లు ఇరుసు గంటకొక చుట్టు తిరగాలి, రెండింటి మధ్య 60 రెట్ల తేడా. 64 పళ్ల చక్రం 8 పళ్ల చిన్న చక్రాన్ని తిప్పితే 8 రెట్లు. ఆ ఇరుసు మీదే ఉన్న 60 పళ్ల చక్రం ఇంకో 8 పళ్లదాన్ని తిప్పితే ఏడున్నర రెట్లు. ఎనిమిది ఏడున్నరలు అరవై. గంటల ముల్లుకు 12 రెట్లు తగ్గాలి: 10 పళ్లు 30 పళ్లను, 8 పళ్లు 32 పళ్లను తిప్పితే మూడు నాలుగులు పన్నెండు. ఇక్కడ 10, 30 కలిపినా 40, 8, 32 కలిపినా 40. అందువల్ల రెండు జతల మధ్య దూరం ఒకటే అయి, నిమిషాల ముల్లూ గంటల ముల్లూ ఒకే కేంద్రం మీద తిరుగుతాయి. ఈ అంకెల పొందిక చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

64 భాగాలు గుర్తుపెట్టడానికి కంప్యూటరు అక్కర్లేదు. చక్రం చుట్టుకొలతంత కాగితం పట్టీ కోసి ఆరుసార్లు సగానికి మడిస్తే 64 సమభాగాలు వస్తాయి. దాన్ని చక్రం చుట్టూ అంటించి, మడతల దగ్గర గీతలు పెట్టుకోవాలి. 60కీ 30కీ కోణమానిని తీసుకోవాలి. ముందు ఇరుసు రంధ్రం వేశాకే పళ్లు కోయాలి. పళ్లన్నీ కోసి తర్వాత మధ్యన రంధ్రం వేయబోతే అది సరిగ్గా మధ్యలోకి రాదు.

8 పళ్ల చిన్న చక్రాలను చెక్కలో కోయడం కష్టం, కోసినా బలం ఉండదు. వాటికి సైకిలు పుల్లలు ఉన్నాయి. రెండు చిన్న చెక్క బిళ్లల మధ్య ఎనిమిది పుల్లముక్కలు పంజరంలా నిలిపితే అదే చిన్న చక్రం. పెద్ద చక్రం పళ్లు ఆ పుల్లలను ఒక్కొక్కటిగా నెడతాయి. దుమ్ము పడితే పుల్లల సందుల్లోంచి రాలిపోతుంది. చక్రాల మధ్య దూరం కాస్త అటూ ఇటూ అయినా ఇది ఓర్చుకుంటుంది. హారిసన్ కూడా ఈ పద్ధతే పట్టి, పుల్లల స్థానంలో తిరిగే లిగ్నమ్ వైటే గొట్టాలు పెట్టాడు. వాటివల్ల ఒరిపిడి దాదాపు లేకుండా పోయింది.

ఒరిపిడి ఎందుకంత ముఖ్యమో బరువు లెక్క చెబుతుంది. మూడు కిలోల తూకంరాళ్లను మూడు సెంటీమీటర్ల మందం డ్రమ్ముకు చుట్టిన దారానికి వేలాడదీస్తే, అవి గంటకు 9.4 సెంటీమీటర్లు దిగుతాయి. రెండు మీటర్ల ఎత్తు నుంచి 21 గంటలు. ఆ దిగుడులో వచ్చే శక్తి సెకనుకు 0.00077 జౌళ్లు. ఐదు వాట్ల బెడ్‌లైటు వాడేది అందుకు ఆరువేల రెట్లకు పైనే. డ్రమ్ము నుంచి 60 రెట్లు వేగం పెరిగి ఎస్కేప్ చక్రం అంచుకు చేరేసరికి, ఒరిపిడి బొత్తిగా లేదనుకున్నా, అక్కడ మిగిలే తోపు పదహారు గ్రాముల బరువంత. దీంట్లోంచి ప్రతి ఇరుసూ తన వాటా తినేస్తుంది. ఇరుసు ఎంత సన్నమైతే అంత తక్కువ తింటుంది, ఎందుకంటే ఒరిసే చోటు కేంద్రానికి దగ్గరగా ఉంటుంది. పది మిల్లీమీటర్ల చెక్క ఇరుసు బదులు ప్రింటర్లోని నున్నటి ఉక్కు కడ్డీల్లో సన్నవాటిని, వాటికి సరిపోయే ఇత్తడి గొట్టపు ముక్కల్లో తిప్పాలి. పిల్లలు విసిరేసిన స్పిన్నర్ బొమ్మల్లోని బేరింగులు కూడా బాగుంటాయి. అయితే వాటిలోని గ్రీజును పెట్రోలుతో కడిగేయాలి. మోటారుకు మేలుచేసే ఆ గ్రీజు పదహారు గ్రాముల తోపును మింగేస్తుంది. చెక్క పళ్లకు నూనె అస్సలు తగలనివ్వకూడదు, 6బీ పెన్సిలు ముక్క రుద్దితే చాలు.

ఇప్పుడు అసలు చోటు: లోలకమూ చక్రమూ కలిసే చోటు. లోలకం తలకు దగ్గరగా రెండు కాళ్లున్న ఒక కొయ్య ముక్క ఉంటుంది. దాని ప్రతి కాలి కొనకూ రెండు ముఖాలు, ఒకటి వంపు తిరిగినది, ఇంకోటి ఏటవాలుది. లోలకం ఎడమకు వెళ్తుంటే ఎస్కేప్ చక్రం పన్ను ఒకటి ఏటవాలు ముఖం మీద జారుతూ కాలిని కొద్దిగా తోస్తుంది. జారి వదిలేయగానే చక్రం ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది, వెంటనే రెండో కాలి వంపు ముఖం అవతలి పన్నును పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న చప్పుడే మనకు వినిపించే టిక్. లోలకం ఇంకా ఎడమకు పోతూనే ఉంటుంది. వంపు ముఖం ఆ కొయ్య తిరిగే కేంద్రం చుట్టూ గీసిన వృత్తంలోని ముక్క కావడం వల్ల, కాలు ఎంత లోపలికి పోయినా చక్రం కదలదు, వెనక్కి నెట్టినట్టూ ఉండదు. 1715 ప్రాంతంలో లండన్‌లో జార్జ్ గ్రాహమ్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. అంతకు ముందటి లంగరు కొయ్యలో ఈ వంపు ఇలా ఉండేది కాదు, ప్రతి ఊపుకూ చక్రం కాస్త వెనక్కి వచ్చేది. పాత గడియారాల్లో సెకన్ల ముల్లు వణికినట్టు కనిపించడం అందుకే.

తోపు ఎప్పుడు ఇస్తున్నామన్నది కూడా ముఖ్యం. ఊయల అటు చివర ఉన్నప్పుడు తోస్తే లయ చెడుతుంది, కిందికి వచ్చి వేగం మీదున్నప్పుడు తోస్తే చెడదు. లోలకం నట్టనడుమ దాటేటప్పుడు ఇచ్చే తోపు దాని కాలాన్ని మార్చదని జార్జ్ ఎయిరీ 1826లో గణితంతో చూపాడు. అందువల్ల ఏటవాలు ముఖాలను లోలకం నడిమి స్థానానికి రెండువైపులా సమానంగా అమర్చాలి. దీనికి పరికరాలు అక్కర్లేదు, చెవి చాలు. టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమంగా వినిపించేదాకా కొయ్యను అటూ ఇటూ సర్దాలి. ఊపు కూడా చిన్నదిగా ఉండాలి. నడుమ నుంచి ప్రతి వైపుకూ 4 డిగ్రీలు ఊగే లోలకం, లేశమాత్రం ఊగేదాని కంటే రోజుకు 26 సెకన్లు వెనకపడుతుంది. 2 డిగ్రీలైతే ఆరేడు సెకన్లే. చిన్న ఊపులో, దుమ్ము పడి ఊపు కాస్త తగ్గినా టైము మారడం నామమాత్రం.

లోలకాన్ని వేలాడదీయడానికి బ్లేడును నిలువునా సగం చేసి, పదును అంచును సానరాయి మీద మొండిచేసి, రెండు చెక్క ముక్కల మధ్య బిగించాలి. మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న ఆ రేకు వంగుతుందే గాని ఎక్కడా ఒరుసుకోదు. బ్లేడు విరిచేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

నట్టుతో నిమిషాలు సరిచేశాక సెకన్లు మిగులుతాయి. వాటికోసం నట్టు ముట్టుకుంటే లోలకం ఆపాల్సి వస్తుంది. లండన్ బిగ్ బెన్ లోలకం మీద పాత పెన్నీ నాణేలు పేర్చి ఉంటాయి. ఒక పెన్నీ కలిపితే గడియారం రోజుకు 0.4 సెకను ముందుకు వెళ్తుంది. మన కిలో గుండు లోలకానికి కడ్డీ నడుమ చిన్న అరుగు అంటించి, ఒక గ్రాము బరువు పెడితే రోజుకు దాదాపు 11 సెకన్లు వేగం పెరుగుతుంది. వాషర్లూ గుండుసూదులూ వేస్తూ తీస్తూ ఆపకుండానే సరిచేయొచ్చు. వానాకాలం రాగానే ఒకటి, చలికాలం రాగానే ఒకటి మార్చుకోవాల్సి వస్తుంది.

ఇంత చేశాక ముఖం అందరి గడియారాల్లా 12 అంకెలతోనే ఉండాలని ఎక్కడా లేదు. పంచాంగం ఇప్పటికీ రోజును 60 ఘడియలుగా లెక్కిస్తుంది, ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు. అలాంటి గోడగడియారం బజారులో దొరకడం కష్టం, ఇంట్లో చేసుకోవచ్చు. గంటల ముల్లు ఇరుసు నుంచి 16 పళ్లతో 32 పళ్ల చక్రాన్ని తిప్పితే అది రోజుకొక చుట్టు తిరుగుతుంది. దాని ముఖాన్ని 60 భాగాలు చేస్తే భాగానికి ఒక ఘడియ. లెక్క మొదలయ్యేది సూర్యోదయం నుంచి కాబట్టి, తెలుగు నేలలో ఏడాదిలో గంటకు పైగా మారే ఆ వేళకు తగ్గట్టు అంకెల చట్రాన్ని చేత్తో తిప్పుకునేలా వదులుగా అమర్చాలి. ఒకే జత పళ్లు కలిశాయి కాబట్టి ఆ ముల్లు ఎడమచేతి వాటంగా తిరుగుతుంది. అలాగే ఉండనిచ్చి అంకెలను ఎడమవైపుకు రాసుకుంటే బాగానే ఉంటుంది. కుడివైపుకే తిరగాలంటే ఆ రెంటి మధ్య ఇంకో చక్రం దూర్చాలి. దానికి పళ్లు ఎన్నున్నా ఫర్వాలేదు, తిరిగే దిశ మారుతుందే తప్ప లెక్క మారదు. అందుకని దాన్ని మిగిలిపోయిన ప్లై ముక్క ఎంతుంటే అంతలో కోసుకోవచ్చు.